తొలగించు మీట



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొక చిన్న ప్రశ్న యున్నది. "కంప్యూటరు తెరమీద నుండు మీటను నొక్కినప్పుడు జరుగు పనిని మనము మార్చుకొనవచ్చునా? లేక దానిని తయారుచేసినవాని చిత్తమే మనకు శాసనమా?" అని యొక సోదరి యడిగినది. ఆమె యింట నెవ్వరో దుకాణపు లెక్కల కొక పట్టికను సిద్ధము చేసి యిచ్చిరట. అందలి మీట యొకటి ఆమెను వేధించుచున్నదట. ఇట్టి ప్రశ్న స్త్రీల పత్రికలో నేల యని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. ఈ కాలమున నింటి లెక్కలు, పాలవాని పద్దులు, పొదుపు సంఘముల చిట్టాలు, పిల్లల ఫీజుల రసీదులు అన్నియు నా తెరమీదికే చేరినవి గదా! మన వంటయింటి డబ్బాలమీది చీటీలు మనము వ్రాసికొన్నవే. ఉప్పు డబ్బాలో పంచదార పోయవలెనన్న నే కుమ్మరి యనుమతి కోరుదుము?

మార్చుకొనవచ్చును. అదియే మా సమాధానము. ఎట్లు మార్చుకొనవలెను, ఏది మార్చుకొనరాదు అనునవి కొంచెము విస్తరించి చెప్పవలసిన సంగతులు.

మొదట మీట యన నేమో తెలిసికొందము. గోడమీది స్విచ్చునకు వెనుక తీగ యుండును, ఆ తీగ దీపమునకు బోవును. కావున స్విచ్చు నొక్కినచో దీపమే వెలుగును గాని బావిలో మోటారు తిరుగదు. తెరమీది మీట కట్టి తీగ లేదు. అది యొక బొమ్మ. దాని మీద నొక పేరు. దాని వెనుక నొక ఒడంబడిక మాత్ర ముండును: "ఈ చోట నొక్కినచో నీ పని చేయుము" అని. పేరు వేఱు, ఒడంబడిక వేఱు. "భద్రపఱచు" మని పేరు వ్రాసి, వెనుక "చెరిపివేయు" మను నాజ్ఞను తగిలించినను యంత్రము కిమ్మనదు. అది చదువరి గాదు, సేవకురాలు. పేరునకును పనికిని పొత్తు కుదుర్చుట మనుష్యుల బాధ్యత. ఆంగ్లేయులు దీనికి చొక్కా గుండీకి వాడు మాటనే వాడుదురు. మన భాషలో మీట యనుటయే మేలు. వీణ మీటినట్లు, తాకినంతనే పలుకునది గదా.

ఇక నొక్కుట యన నేమి? మనము మౌసును నొక్కుట యొకే పని యని యనుకొందుము. యంత్రమున కది రెండు పనులు: వ్రేలు దిగుట యొకటి, వ్రేలు లేచుట యొకటి. మౌసును 1964వ సంవత్సరమున అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను నాయన కల్పించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ దానిని కఱ్ఱ డిప్పతో నిర్మించెను. ఆ మొదటి దానికి మీట యొకటే. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ దానిని సభలో జనులకు చూపెను. తరువాతి కాలమున తెరమీద బొమ్మల రూపమున మీటలు వచ్చినప్పుడు, వానిని నిర్మించినవా రొక మంచి మర్యాదను పాటించిరి. వ్రేలు దిగినప్పుడు మీట లోపలికి నొక్కుకొన్నట్లు కనబడును గాని పని జరుగదు. వ్రేలు లేచినప్పుడే పని జరుగును. నొక్కిన పిమ్మట మనసు మాఱినచో, వ్రేలు లేపకుండ మౌసును మీటనుండి పక్కకు జరిపి యప్పుడు వ్రేలు లేపినయెడల నేమియు జరుగదు. ఈ సంగతి యెఱిగినవారు మిక్కిలి తక్కువ. మా యింట పదియేండ్లుగా కంప్యూటరు వాడుచున్నవారు సైత మిది విని యాశ్చర్యపడిరి. మీ యింట నిప్పుడే పరీక్షించి చూడుడు, ఖర్చు లేదు.

భారతమున సౌప్తికపర్వము చదివిన సోదరీమణుల కీ మర్యాద యొక్క విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. అర్జునుడును అశ్వత్థామయు నిద్దఱును మహాస్త్రములను విడిచిరి. మునులు వారించిన పిమ్మట అర్జునుడు తన యస్త్రమును మరల్చుకొనగలిగెను. అశ్వత్థామకు ప్రయోగము తెలియును గాని యుపసంహారము చేతగాలేదు. తుద కా యస్త్రము పాండవస్త్రీల గర్భములమీదికి పోయినది. ప్రయోగించినవా డొకడు, దాని ఫలమును స్త్రీలు, శిశువులు ననుభవించిరి. ఉపసంహారము లేని మీటను తెరమీద బెట్టుటయు నించుమించుగ నట్టిదే. దాని ఫల మెవరికి తగులునో, ఆ మీటను పెట్టినవా రక్కడ నుండరు.

ఇది యతిశయోక్తి గాదని తోచుటకు, మేము కన్న యొక యుదంతమును చెప్పుదుము.

మా వీధి స్త్రీల పొదుపు సంఘమున పండ్రెండుగురు సభ్యులు గలరు. నెల కింతయని యొక్కొక్కరు కట్టుదురు. పద్దులు మొదట పుస్తకమున నుండెడివి. పిదప పట్టణమునుండి వచ్చిన యొక యువకుడు కంప్యూటరున లిబ్రెఆఫీసు కాల్క్ అను లెక్కల పట్టికలో వానిని వ్రాసి, పక్కన నాలుగు మీటలు కూర్చి యిచ్చెను. "కొత్త పద్దు", "తరువాత", "తొలగించు", "భద్రపఱచు" అని వాని పేర్లు. చూచుటకు ముచ్చటగనే యుండెను. "తరువాత" మీటకు సరిగ నానుకొనియే "తొలగించు" మీట యుండెను.

ఒక నెల సమావేశమున పద్దులు చదువుచుండగా, కూరగాయలమ్ము వృద్ధురా లొకామె శ్రావణమున కట్టిన 1,000 రూపాయల పద్దు కనబడలేదు. ఆమె పాసుబుక్కు వానకు తడిసి, అక్షరము లలికిపోయి యుండెను. సంఘములో నొకామె, "పెద్దమ్మా, నీవు కట్టలేదని మేమనడం లేదు, కంప్యూటరులో లేదంటున్నాం" అనెను. ఆ వృద్ధురాలు మా వైపు తిరిగి, "పంతులమ్మగారూ, నాకక్షరం రాదు. కాని నా డబ్బు ఏ రోజున, ఏ చీరకొంగు ముడిలోంచి తీసి ఇచ్చానో నాకు తెలియదా? పెట్టె చెప్పిందే నిజమూ, నేను చెప్పేది అబద్ధమూనా తల్లీ?" అనెను. ఎవ్వరును మాటాడలేదు. ఒకరిద్దఱు చూపులు దించుకొనిరి. ఆ చూపులు దించుకొనుటయే యామెకు మాటలకంటె నెక్కువ బాధ కలిగించినట్లు మాకు తోచినది. వెయ్యి రూపాయలు పోయినను సంపాదించుకొనవచ్చును. నలువదియేండ్లు తక్కెడ పట్టి యొకరిచేత మాట పడని మనిషికి మాట పోయిన నెట్లు?

మా వారు ప్రతి నెల మొదటి తేదీన నా పట్టికకు నకలు నొక పెన్‌డ్రైవున వేసి యుంచుట యలవాటు. పాత నకలు తెఱచి చూడగా, ఆమె పద్దు యథాతథముగ నందున్నది. తరువాతి నెల నకలులో లేదు. నడుమ నెప్పుడో యా వరుస పోయినది. ఎట్లు పోయినది? మీటల వెనుక నున్న యొడంబడికలను విప్పి చూడగా సంగతి బయటపడినది.

లిబ్రెఆఫీసులో మీటకు సంబంధించిన సంఘటనలు పెక్కు గలవు. వానిలో నొకటి "మౌస్ బటన్ ప్రెస్డ్", అనగా వ్రేలు దిగుట. మఱియొకటి "ఎగ్జిక్యూట్ యాక్షన్", అనగా మీటను పూర్తిగ నొక్కి విడిచిన పిమ్మట పని నెఱవేర్చుట. ఆ యువకుడు తొలగించు నాజ్ఞను మొదటి దానికి తగిలించెను. ఇందుచే పైన జెప్పిన మర్యాద యంతయు మంటగలిసినది. వ్రేలు దిగినంతనే వరుస మాయము. పక్కకు జరుపుకొనుట కవకాశ మేది? పైగా "మౌస్ బటన్ ప్రెస్డ్" అనునది యెడమ మీటయా, కుడి మీటయా యని భేదము పాటింపదు. ఏది దిగినను పని సాగించును. కోశాధికారిణి గారిది కొంచెము వణకు చేయి. "తరువాత" యని నొక్కబోయి పక్కదానిమీద వ్రేలు దిగి యుండును. అడుగు ప్రశ్న లేదు, చెప్పు మాట లేదు. కర్స రే గడిలో నున్నదో యా వరుస తొలగిపోవును, క్రింది వరుసలు పైకి జరుగును, పట్టిక నిండుగనే కనబడును. ఖాళీ యైనను కనబడినచో ననుమానము కలిగెడిది గదా!

కంట్రోల్ మీటతో జెడ్ అక్షరమును గలిపి నొక్కినచో నప్పుడే చేసిన తప్పు వెనుకకు వచ్చును, నిజమే. ఆ సౌకర్యము పట్టికను మూసివేయువఱకే. మూసి మరల తెఱచినచో నా జ్ఞాపకము యంత్రమునకు లేదు. తొలగిన సంగతియే తెలియనివా రెప్పుడు దానిని నొక్కుదురు?

ఆ యువకుని మేము దూషింపము. అతడు తన బల్ల యొద్ద గూర్చుండి, తన స్థిరమైన చేతితో పరీక్షించి యిచ్చియుండును. వాడువారి చేతు లెట్టివో చూడలేదు. పెండ్లికి వంట చేయువాడు తన నాలుకకు సరిపోయినదని యుప్పు తేల్చినట్లు.

ఇప్పుడు మార్చిన విధము. సోదరి యడిగినది యిదియే గావున వివరముగ వ్రాయుచున్నాము. ఓపికతో చదువుడు.

మొట్టమొదట పట్టికకు నకలు తీసి, నకలుమీదనే పని చేయవలెను. ఇది విడువరాని నియమము. పిదప "వ్యూ" అను పట్టీలో "టూల్‌బార్స్" అనుదాని క్రింద "ఫారమ్ కంట్రోల్స్" అనుదానిని తెఱచినచో నొక చిన్న పరికరముల వరుస వచ్చును. అందు "డిజైన్ మోడ్" అను గుర్తు గలదు. దానిని నొక్కినంతనే మీటలన్నియు నిద్రపోవును. అనగా నిప్పుడు మీటను నొక్కినచో నది పని చేయదు, చుట్టును చిన్న చదరపు గుర్తులతో నెన్నుకొనబడును. సుషుప్తిలో నున్న యీ యవస్థలోనే దానికి శస్త్రచికిత్స చేయవలెను. మీటపై కుడి మీటతో నొక్కి "కంట్రోల్ ప్రాపర్టీస్" అనుదానిని తెఱచిన నొక పెట్టె వచ్చును. అందు "జనరల్" అను పుటలో మీట పేరు, రంగు, అక్షరముల పరిమాణము మొదలగునవి. "ఈవెంట్స్" అను పుటలో ముందు చెప్పిన సంఘటనలన్నియు వరుసగ నుండును. పేరు ముందఱి పుటలో, పని వెనుకటి పుటలో! రెండును వేఱు వేఱని మేము మొదట జెప్పిన మాట యిచ్చట కండ్లకు గట్టును.

"మౌస్ బటన్ ప్రెస్డ్" అను వరుస చివర నున్న మూడు చుక్కలను నొక్కి, అందు తగిలించియున్న యాజ్ఞను "రిమూవ్" అను మీటతో నూడదీసితిమి. పిమ్మట "ఎగ్జిక్యూట్ యాక్షన్" అను వరుసను తెఱచి, "మాక్రో" అనుదానిద్వారా క్రొత్త యాజ్ఞను తగిలించితిమి. దీనిచేత రెండు లాభములు. వ్రేలు దిగి లేచినగాని పని జరుగదు. మౌసు వాడలేనివారు కీబోర్డుతో మీటను చేరి స్పేస్ నొక్కినను పని జరుగును. పాత విధమున నది యసాధ్యము, ఏలయన కీబోర్డున మౌసు దిగుట యుండదు గదా.

క్రొత్త యాజ్ఞ యేమి? దానినే మాక్రో యందురు. లిబ్రెఆఫీసు బేసిక్ అను భాషలో వ్రాసిన నాలుగైదు పంక్తులు. మా వారి శిష్యు డొకడు సాయపడెను. అర్థము మాత్రము మేము నేర్చికొంటిమి. మొదట నది యొక ప్రశ్న నడుగును. ప్రశ్నపెట్టె కొక సంఖ్య నియ్యవలెను: "అవును, కాదు" అను రెండు మీటలు కావలెనన్న 4, ప్రశ్నార్థకపు గుర్తు కావలెనన్న 32, రెండవ మీటయే ముందుగ నెన్నుకొనబడి యుండవలెనన్న 256. మూడును గూడిన 292. ఈ 256 లోనే కిటుకంతయు నున్నది. అది లేనిచో "అవును" అనునదే ముందుగ నెన్నుకొనబడియుండును, తొందరలో ఎంటర్ నొక్కినచో నవును అనినట్లే. 256 చేర్చినచో నేమఱుపాటున నెంటర్ నొక్కిన "కాదు" అనియే యగును. వాడుకరి "అవును" అనినచో 6, "కాదు" అనినచో 7 అను సంఖ్య మాక్రోకు తిరిగి వచ్చును. 6 వచ్చిననే ముందుకు సాగుమని వ్రాసితిమి.

అడుగు ప్రశ్న విషయమై మా యింట నొక పూట వాదము జరిగినది. శిష్యుడు "నిశ్చయమేనా?" అని వ్రాసెను. మాకది నచ్చలేదు. నిశ్చయము లేనివా రెవరు నొక్కుదురు? దేనినిగూర్చి నిశ్చయమో చెప్పవలదా? కర్సరున్న వరుసలోని సభ్యురాలి పేరును, తేదీని, సొమ్మును ప్రశ్నలో జూపవలెనంటిమి. "ఫలానా యామె, ఫలానా తేదీన కట్టిన 1,000 రూపాయల పద్దును రద్దుగా గుర్తింపవలెనా?" అని కనబడినచో, వేఱొక వరుసమీద కర్సరుంచి నొక్కినవారు తటాలున నాగుదురు. చివర కట్లే చేసిరి.

అయినను ప్రశ్నను నమ్ముకొనరాదు. మాకింటోష్ కంప్యూటరు ప్రయత్నమును 1979లో నారంభించిన జెఫ్ రాస్కిన్ అను నాయన 2000వ సంవత్సరమున వెలువడిన తన గ్రంథమున నీ సంగతిని చక్కగ విమర్శించెను. పదేపదే యడుగు ప్రశ్నకు మనుష్యు డాలోచింపకయే యవునని చెప్పుట యలవాటగునని, నొక్కుటయు నవుననుటయు గలిసి యొకే పని యైపోవునని, కావున చేసిన పనిని వెనుకకు దీసికొను మార్గమే నిజమైన రక్షయని యాయన యభిప్రాయము. ఇది మనమెఱుగని సంగతి గాదు. వాకిటికి వచ్చినవారినెల్ల "భోజనము చేసితిరా?" యని యడుగుచు సమాధానము వినకయే లోనికి బోవు గృహిణు లెందఱు లేరు?

అందుచే మేము తొలగించుటనే తొలగించితిమి. క్రొత్త మాక్రో వరుసను చెరపదు. ప్రతి వరుస చివర "స్థితి" యను గడి యొకటి చేర్చి, సరియైన పద్దుల కన్నింటికిని "సరి" యని వ్రాయించితిమి. మీట నొక్కి యవుననినచో నా గడిలో "రద్దు" అనియు, పక్క గడిలో నాటి తేదీయు పడును, వరుస బూడిదరంగు దాల్చును. పద్దు మాత్రము చదువుటకు వీలుగ నట్లే యుండును. పొరపాటైనచో "రద్దు" తీసి "సరి" వ్రాసినచో మరల బ్రదుకును.

ఇది క్రొత్త కల్పన గాదు. మన తాతలనాటి కోమటిసెట్లు చిట్టాలోగాని, ఆవర్జాలోగాని తప్పు వ్రాసినయెడల దానిని గోకి చెరపెడివారు గారు. ఒక గీత కొట్టి, పక్కన సరియైనది వ్రాసెడివారు. గీత క్రింది యంకె కనబడుచుండవలెను. చెరపిన చోటున్న లెక్కను చూచి యనుమానపడుదురు గాని కొట్టివేతను చూచి యెవ్వరు ననుమానపడరు. కాగితమున కున్న యీ న్యాయము తెరకు లేకుండ బోవుటయే వింత.

ఒక చిక్కు వచ్చినది, చెప్పవలెను. రద్దైన వరుసలు పట్టికలో నుండుటచే మొత్తము లెక్కలో నవియు చేరినవి! మొత్తమును కట్టు సూత్రమునుగూడ మార్పవలసి వచ్చినది. ఉత్త కూడికకు బదులు "సమ్ఇఫ్" అను సూత్రమును వాడి, స్థితి గడిలో "సరి" యనియున్న వరుసల సొమ్ము మాత్రమే కూడునట్లు చేసిరి. మీట యొక్క పనిని మార్చునప్పు డా పనిని నమ్ముకొనియున్న తక్కిన లెక్క లేవో వెదకి చూచుకొనవలెను. కోడలు వంట మొదలుపెట్టినప్పుడు పాలవానికిని, పనిమనిషికిని వేళలు మాఱినట్లు.

మీట పేరుగూడ మార్చితిమి. "తొలగించు" అని యుంచి రద్దు చేయించుట యబద్ధము. "రద్దుగా గుర్తించు" అని "జనరల్" పుటలో వ్రాసితిమి. దానిని "తరువాత" పక్కనుండి తీసి పట్టిక కుడివైపు చివరకు జరిపితిమి, "డిజైన్ మోడ్"లో నీడ్చుకొని పోయిన జరుగును. చివరకు "డిజైన్ మోడ్"ను మాన్పించిన మీటలు మేల్కొనెను. నకలుమీద పదిసార్లు నొక్కి చూచి, పక్కకు జారి చూచి, ఎంటర్ నొక్కి చూచి, ఆపైననే యసలు పట్టికగా వాడుకకు పెట్టితిమి. వృద్ధురాలి శ్రావణపు పద్దును పాత నకలునుండి యెక్కించి, సమావేశమున బిగ్గరగ చదివిరి. ఆమె విని, "సరే, ఇప్పుడు కార్తీకానిది కూడా చదవండి" అనెను. మంచిపని చేసినది.

ఇకొక హెచ్చరిక. మాక్రోలు గల పట్టికను తెఱచినప్పుడు లిబ్రెఆఫీసు వానిని నడువనీయకపోవుట గలదు. అది దోషము గాదు, కావలి. ఎవ్వరో పంపిన పట్టికలో దొంగ యాజ్ఞలు దాగియుండవచ్చును గదా! "టూల్స్"లో "ఆప్షన్స్", అందు "సెక్యూరిటీ", అందు "మాక్రో సెక్యూరిటీ" యని యొక చోటు గలదు. అచ్చట కావలిని నాలుగు మెట్లుగా నుంచిరి. తొందరపడి యన్నిటికంటె క్రిందిదైన "లో" అనుదానికి దించుకొనకుడు. అట్లు చేసినవారు వీధి తలుపు తీసి నిద్రించువారితో సమానము. దానికి బదులు "ట్రస్టెడ్ సోర్సెస్" అను పుటలో మీరు నమ్మిన సంచి నొకదానిని చేర్చి, సంఘపు పట్టిక నా సంచిలోనే యుంచినచో నందలి మాక్రోలు మాత్రము నడుచును.

మాక్రోల జోలికి పోలేని సోదరీమణులకుగూడ నొక్కుటను గొంత మార్చుకొనుట సాధ్యమే. ఎడమచేతివాటము వారు మౌసుయొక్క యెడమ కుడి మీటలను తారుమారు చేసికొనవచ్చును. విండోస్ 11లో "సెట్టింగ్స్"లో "బ్లూటూత్ అండ్ డివైసెస్" అనుదాని క్రింద "మౌస్" అనుచోట "ప్రైమరీ మౌస్ బటన్" అని యుండును. లినక్సు వాడువారికిని మౌసు సెట్టింగులలో నిట్టిదే గలదు. ఎడమచేతితో తినిన పిల్లను మందలించిన రోజులు పోయినవి, మౌసుకైనను స్వాతంత్ర్య మిత్తము. వణకుచేతి పెద్దలకు రెండుసార్లు వెంటవెంట నొక్కుట కష్టము. విండోసున నా రెండు నొక్కుల నడుమ గడువు సామాన్యముగ 500 మిల్లీసెకండ్లు, అనగా నరసెకండు. దానిని పెంచుకొనవచ్చును. లేదా ఫైళ్లను తెఱచుటకు "ఫోల్డర్ ఆప్షన్స్"లో నొక్కసారి నొక్కినచో చాలునని నియమించుకొనవచ్చును. మా అత్తగారి కీ రెండవది చేసిపెట్టగా, "ఇన్నాళ్లు నన్నెందుకు రెండుసార్లు కొట్టించారే?" యని యడిగిరి. మా యొద్ద సమాధానము లేదు.

ప్రశ్న వ్రాసిన సోదరికి: మీ దుకాణపు పట్టికలోని మీట మిమ్ము నెట్లు వేధించుచున్నదో మీరు వ్రాయలేదు. అది కాల్క్ పట్టికయే యైనచో "ఈవెంట్స్" పుటలో నే వరుసలో నాజ్ఞ తగిలించియున్నదో చూచి మాకు వ్రాయుడు. ఈ లోపల పట్టికకు నకలు తీసి వేఱుగ నుంచుడు.